దెబ్బలు లెక్కపెట్టాకే నమ్మండి

1964 జూన్ 16న జపాన్‌లోని నీగాటా నగరాన్ని 7.5 తీవ్రత గల భూకంపం కుదిపింది. షినానో నది పక్కన కవాగిషిచో అనే పేటలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు వరసగా ఉండేవి. వాటి కాంక్రీటు పెద్దగా చెదరలేదు. భవనాలు మాత్రం భవనాలుగానే పక్కకు ఒరిగాయి. ఒకటైతే ఇంచుమించు వెల్లకిలా పడింది. కట్టినవాళ్లు సిమెంటుకు లెక్క వేశారు, ఇనుముకు లెక్క వేశారు. కింద ఉన్న తడి ఇసుకకు లెక్క వేయలేదు. ఆ లెక్క వేసే పద్ధతి అప్పటికి ఇంకా స్థిరపడలేదు.

ఇప్పుడు ఉంది. మన దేశపు భూకంప కోడ్‌లోనూ ఉంది. అయినా ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామంది దాన్ని అడగరు. అడగాలని తెలియక కొందరు, అడిగితే ఇంజనీరుగారు ఏమనుకుంటారోనని మరికొందరు. జీవితంలో ఒక్కసారి ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం, ఇరవయ్యేళ్ల అప్పు నెత్తిన పెట్టుకుని ఫ్లాట్ కొనేవాళ్ల కోసం ఈ అధ్యాయం.

"నేల గట్టిదేనండీ" అని మేస్త్రీ అంటాడు, బిల్డరూ అంటాడు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ అక్కడితో ఆగితే అది సగం మాటే. ఎంత ఊపు వచ్చినా గట్టిదేనా? నీళ్లు ఎంత పైకి ఉన్నా గట్టిదేనా? ఎంత లోతు వరకు గట్టిది? ఈ మూడూ తెలిస్తేనే ఆ మాట పూర్తవుతుంది. ఎవరు భరోసా ఇచ్చినా అది ఏ షరతు మీద నిలబడిందో అడగడం, ఈ అధ్యాయం నుంచి మీరు అలవాటు చేసుకోవాల్సింది అదొక్కటే.

తడి ఇసుక ఎందుకు లొంగిపోతుంది

కుంచంలో బియ్యం పోసి నాలుగుసార్లు కుదిపితే మట్టం దిగుతుంది. గింజలు సందుల్లోకి సర్దుకుంటాయి. వదులుగా పేరుకున్న ఇసుక కూడా కుదుపు తగిలితే అలాగే సర్దుకోవాలని చూస్తుంది. పొడి ఇసుకైతే సర్దుకుని కాస్త కుంగి ఊరుకుంటుంది. నీటి మట్టానికి కింద ఉన్న ఇసుకకు ఆ వీలు లేదు. రేణువుల మధ్య సందులన్నీ నీళ్లతో నిండి ఉంటాయి కాబట్టి, రేణువులు దగ్గరకు రావాలంటే ముందు ఆ నీళ్లు తప్పుకోవాలి. భూకంపం సెకన్లలో కుదిపేస్తుంది. సన్న ఇసుకలోంచి నీళ్లు తప్పుకోవడానికి అంతకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. పోవడానికి దారి లేని నీటిలో ఒత్తిడి పెరుగుతూ పోతుంది.

ఇసుక బలమంతా ఒక రేణువు పక్క రేణువును నొక్కిపట్టుకోవడంలోనే ఉంది. పైనున్న మొత్తం బరువులోంచి నీటి ఒత్తిడిని తీసేస్తే మిగిలేదే ఆ నొక్కుడు. 1920ల్లో కార్ల్ టెర్జాగి ఈ సూత్రాన్ని లెక్కగా నిలబెట్టాడు. మట్టి ఇంజనీరింగ్ మొత్తానికి అదే పునాది. కుదుపుల్లో నీటి ఒత్తిడి పెరిగి పెరిగి పై బరువుకు సమానమైతే రేణువుల మధ్య నొక్కుడు సున్నా అవుతుంది. ఆ క్షణం నుంచి నేల ద్రవంలా నడుచుకుంటుంది. దీన్నే ద్రవీకరణ అంటారు, ఇంజనీర్ల నోట లిక్విఫాక్షన్. బరువైన భవనం దిగబడుతుంది లేదా ఒరుగుతుంది. ఖాళీ సంపులు, సెప్టిక్ ట్యాంకులు, మ్యాన్‌హోళ్లు తేలికైనవి కాబట్టి పైకి లేస్తాయి. పగుళ్లలోంచి ఇసుకా నీళ్లూ కలిసి చిమ్ముతాయి.

మన దేశంలో దీనికి పెద్ద సాక్ష్యాలు రెండున్నాయి. 1934 జనవరి 15న బీహార్, నేపాల్‌లను వణికించిన భూకంపంలో ఉత్తర బీహార్‌లో సుమారు 300 కిలోమీటర్ల పొడవున నేల కుంగింది. ఇళ్లు ఒరిగాయి, బావులు ఇసుకతో పూడిపోయాయి, పంట పొలాల మీద ఇసుక పరుచుకుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పట్టీకి 'స్లంప్ బెల్ట్' అని పేరు పెట్టారు. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లోనూ బన్నీ మైదానాల్లోనూ కాండ్లా రేవు చుట్టుపక్కలా ఇదే జరిగింది.

దీన్నిబట్టి ప్రమాదానికి మూడు షరతులు కలవాలని తెలుస్తోంది: వదులు ఇసుక, దాన్ని నింపిన నీళ్లు, తగినంత ఊపు. ఒక్కటి లేకపోయినా ఇది జరగదు. బంకమట్టికి ఉబ్బడం, కుంగడం లాంటి వేరే సమస్యలుంటాయి, ఈ తరహా ద్రవీకరణ మాత్రం ఇసుకకూ ఇసుక కలిసిన సన్న ఒండ్రుకూ సంబంధించినది. హైదరాబాద్‌లో మొరం మీదో రాతి మీదో కట్టేవారికి ఈ ప్రశ్న సాధారణంగా రాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో, నదుల పాత పాయల మీద, సముద్రతీరంలో కట్టేవారు మాత్రం అడిగి తీరాలి.

మొదటి మెట్టు: నేల వయసు తెలుసుకోండి

యంత్రం తెప్పించడానికి ముందే, పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఆ నేల ఎప్పుడు, ఎలా ఏర్పడిందో ఆరా తీయండి. వేల ఏళ్లుగా కుదురుకున్న ఇసుక కంటే నది నిన్నమొన్న వదిలిన ఇసుక వదులుగా ఉంటుంది. మనిషి నీళ్లలో కుమ్మరించిన ఇసుక అంతకంటే వదులు.

2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన మహా భూకంపంలో టోక్యో అఖాతం ఒడ్డున ఉన్న ఉరయాసు పట్టణాన్ని చూడండి. అందులో చాలా భాగం సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. వీధులు బురదమయమయ్యాయి, ఇళ్లు ఒరిగాయి. అదే పూడిక నేల మీద టోక్యో డిస్నీల్యాండ్ కూడా ఉంది. పార్కు కట్టడానికి ముందే దాని కింది ఇసుకను లోతుగా దట్టించారు. అందువల్ల పార్కు నిలిచింది, అంతగా దట్టించని కారు పార్కింగ్ స్థలంలో ఇసుక పైకి చిమ్మింది. 1989లో లోమా ప్రియేటా భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మెరీనా పేట దెబ్బతినడానికీ కారణం పూడిక నేలే. 1915 నాటి అంతర్జాతీయ ప్రదర్శన కోసం పూడ్చిన చోటే తర్వాత ఇళ్లు లేచాయి.

మీ స్థలం విషయంలో ఇలా ఆరా తీయండి. ఊళ్లో వయసు మళ్లిన రైతును పలకరించి, "బాబాయ్, ఈ చెక్క ఇదివరకు ఏంటి? చెరువా, పాయా, లంకా?" అని అడగండి. పాత గ్రామ పటంలో అక్కడ కాలువో కుంటో గీసి ఉందేమో చూడండి. కంప్యూటర్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పి చూడండి. లేఅవుట్ వేసినవాళ్లు మెరక చేసి ఉంటే దేనితో చేశారో, పొరలు పొరలుగా రోలర్ తిప్పారో, లారీలతో కుమ్మరించి చదును చేశారో కనుక్కోండి. స్థలం పక్కనే కాలువ గట్టో ఏటి ఒడ్డో ఉంటే అది కూడా రాసి పెట్టుకోండి. ద్రవీకరణ జరిగితే నేల ఒడ్డు వైపు జారుతుంది, కంటికి కనపడనంత కొద్దిపాటి వాలు ఉన్నా చాలు.

కాలిఫోర్నియాలో ఈ ఆరాలో కొంత ప్రభుత్వమే చేసి పెట్టింది. 1990లో చేసిన చట్టం ప్రకారం అక్కడి భూగర్భ శాఖ ద్రవీకరణకు అవకాశమున్న మండలాల పటాలు గీస్తుంది. ఇల్లు ఆ మండలంలో ఉంటే అమ్మేవారు కొనేవారికి ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాలి. శాన్ హొసే, ఫ్రీమాంట్ వైపు ఇళ్లు కొనే మనవాళ్లు ఆ కాగితాన్ని సంతకాల కట్టలో ఒకటిగా తోసేయకండి. మండలంలో ఉన్నంత మాత్రాన నేల లొంగిపోతుందని అర్థం కాదు. పరీక్ష అవసరమని అర్థం. ఆ పరీక్ష జరిగిందా, నివేదిక ఉందా అని అడిగే హక్కు మీకుంది.

రెండో మెట్టు: బోరు దగ్గర నిలబడండి

ఇసుక ఎంత వదులుగా ఉందో తెలుసుకోవడానికి మన దేశంలో ఎక్కువగా చేసేది ఎస్‌పీటీ, అంటే స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్. పని మొరటుగా కనిపిస్తుంది గానీ నియమాలు పక్కాగా ఉంటాయి. మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి బోరు వేస్తారు. కావలసిన లోతుకు చేరాక నిలువునా రెండు బద్దలుగా విడిపోయే గొట్టాన్ని బోరు అడుగున ఆనించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి దిగగొడతారు. 15 సెంటీమీటర్ల చొప్పున మూడు అంచెలు. బోరు అడుగున మట్టి కదిలిపోయి ఉండొచ్చు కాబట్టి మొదటి అంచెలో పడ్డ దెబ్బలు లెక్కలోకి రావు. తర్వాతి రెండు అంచెల్లో, అంటే 30 సెంటీమీటర్లు దిగడానికి పడ్డ దెబ్బల మొత్తమే ఎన్ విలువ. సాధారణంగా ప్రతి మీటరున్నరకు ఒకసారి ఈ పరీక్ష చేస్తారు.

ఇసుకలో ఎన్ విలువ 4 కంటే తక్కువైతే చాలా వదులు, 4 నుంచి 10 వరకు వదులు, 10 నుంచి 30 వరకు మధ్యరకం, 30 దాటితే దట్టం, 50 దాటితే చాలా దట్టం. ఐఎస్ 1893 కోడ్ 2016 ప్రతి ప్రకారం భూకంప జోన్ 3, 4, 5లలో సవరించిన ఎన్ విలువ (ఆ సవరణ ఏమిటో మూడో మెట్టులో చూద్దాం) 5 మీటర్ల లోతు వరకు కనీసం 15, 10 మీటర్లకు మించిన లోతులో కనీసం 25 ఉండటం మంచిది. జోన్ 2లో ఇవి 10, 20. ఆ ప్రతి ప్రకారం విజయవాడ, నెల్లూరు జోన్ 3లో ఉన్నాయి. హైదరాబాద్, విశాఖపట్నం జోన్ 2లో ఉన్నాయి.

కొట్టే తీరు మారితే అంకె మారిపోతుంది. అందుకే ఒక పూట సెలవు పెట్టి బోరు దగ్గర నిలబడండి. మీరు ఇంజనీరు కాకపోయినా చూడగలిగినవి ఇవి.

బోరులో నీళ్లు చూడండి. చుట్టూ నేలలో నీటి మట్టం ఎంత ఎత్తున ఉందో బోరులోనూ కనీసం అంత ఎత్తున నీళ్లు ఉండాలి. తగ్గితే బయటి నీళ్లు అడుగు నుంచి లోపలికి తన్నుకొస్తాయి, వాటితో ఇసుకా పైకి ఉబుకుతుంది. అప్పుడు గట్టి ఇసుక కూడా వదులుగా కనపడి దెబ్బలు తక్కువ పడతాయి. లేని సమస్యకు మీరు లక్షలు ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

సుత్తి చూడండి. అది పూర్తిగా 75 సెంటీమీటర్లు లేస్తోందా, అడ్డు లేకుండా పడుతోందా? తాడు బిగువుగా ఉండి సుత్తి నెమ్మదిగా దిగితే ఒక్కో దెబ్బలో శక్తి తగ్గుతుంది, దెబ్బలు ఎక్కువ పడతాయి, వదులు నేల గట్టిదిగా కాగితం మీదకెక్కుతుంది. ఇది పైదానికంటే ప్రమాదకరం.

రాసే మనిషిని చూడండి. మూడు అంచెల దెబ్బలూ విడివిడిగా, కొడుతున్నప్పుడే రాయాలి. సాయంత్రం గుర్తుచేసుకుని రాసిన కాగితానికి విలువ లేదు. నివేదికలో అంకెలన్నీ అన్ని బోర్లలోనూ 8, 10, 12, 14 అని మెట్లు కట్టినట్టు పెరుగుతూ ఉంటే ఫీల్డ్ షీటు చూపించమనండి. నది పేర్చిన ఇసుక అంత వరసగా పెరగడం అరుదు.

లోతు చూడండి. మామూలు ఇళ్లకు చేసే సాయిల్ టెస్టు చాలాసార్లు కొద్ది మీటర్లకే ఆగిపోతుంది. ద్రవీకరణ లెక్కకు సాధారణంగా 15 నుంచి 20 మీటర్ల వరకు తెలియాలి. అంతకంటే పైనే రాయి తగిలితే అది వేరే సంగతి.

గొట్టంలో వచ్చిన మట్టిని చూడండి. దాన్ని సంచిలో కట్టి, లోతు రాసి ల్యాబ్‌కు పంపాలి. అక్కడ జల్లెడ పట్టి 75 మైక్రాన్ల కంటే సన్నని మట్టి ఎంతుందో తేలుస్తారు. అది ఎంతుంది, జిగటగా ఉందా లేదా అన్నదాన్నిబట్టి ఆఖరి లెక్క మారుతుంది.

ఎస్‌పీటీ ఒక్కటే మార్గం కాదు. పెద్ద కట్టడాలకు కోన్ పరీక్ష కూడా చేయిస్తారు. 60 డిగ్రీల మొన, 10 చదరపు సెంటీమీటర్ల అడ్డుకోత ఉన్న కోన్‌ను సెకనుకు 2 సెంటీమీటర్ల వేగంతో నేలలోకి నొక్కుతారు. మొనకు ఎదురయ్యే బలాన్ని, పక్కల రాపిడిని, మంచి పరికరమైతే నీటి ఒత్తిడిని కూడా అది ఆగకుండా కొలుస్తూ పోతుంది. మీటరున్నరకు ఒకసారి కొట్టే ఎస్‌పీటీకి దొరక్కుండా పోయే పలచని ఇసుక పొరలు దీనికి దొరుకుతాయి. కాకపోతే మట్టి నమూనా పైకి రాదు, అందుకే రెండూ కలిపి చేయించడం మేలు. నేలలో అడ్డు తరంగాల వేగం కొలిచే పద్ధతి కూడా ఉంది. ఇక ల్యాబ్‌లో ఇసుకను యంత్రంలో పెట్టి కుదిపి చూడొచ్చు గానీ, వదులు ఇసుకను చెదరకుండా పైకి తీయడమే కష్టం. జపాన్‌లో ఇందుకోసం నేలను గడ్డకట్టించి మరీ నమూనాలు తీశారు. మామూలు ఇంటికి అంత దూరం వెళ్లనక్కర్లేదు.

మూడో మెట్టు: ఆఖరి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి

నీగాటా భూకంపమూ అదే ఏడాది మార్చిలో అలాస్కాలో వచ్చిన మహా భూకంపమూ ఇంజనీర్లను ఈ సమస్య వైపు తిప్పాయి. 1971లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ సీడ్, ఆయనతో కలిసి ఇద్రిస్ ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. తర్వాత సవరణలు జరిగినా ప్రపంచమంతా నేటికీ అదే బాటలో నడుస్తోంది. ఐఎస్ 1893 అనుబంధంలో ఇచ్చిందీ దాని రూపమే.

పద్ధతి రెండు అంకెల పోటీ. భూకంపం ఇసుక మీద వేసే కుదుపు భారం ఒకటి, ఆ ఇసుక తట్టుకోగల బలం రెండోది. బలాన్ని భారంతో భాగిస్తే వచ్చేది భద్రతా గుణకం. 1 కంటే తక్కువ వస్తే ఆ పొర ద్రవీకరణకు లోనవుతుందని లెక్క. ఒకటికి కొంచెం ఎక్కువ వచ్చినంత మాత్రాన నిశ్చింత లేదు, ఇంజనీర్లు కాస్త మిగులు కోరుకుంటారు.

బలం ఎన్ విలువ నుంచి వస్తుంది. పచ్చి ఎన్ విలువను నేరుగా వాడరు. ఒకే ఇసుక పైన ఉంటే తక్కువ దెబ్బలకు, లోతున బరువు కింద ఉంటే ఎక్కువ దెబ్బలకు దిగుతుంది కాబట్టి లోతుకు సవరణ చేస్తారు. సుత్తి శక్తికి, రాడ్ పొడవుకు, బోరు వ్యాసానికి కూడా సవరణలుంటాయి. సవరించాక శుభ్రమైన ఇసుకలో విలువ 30 దాటితే అది ద్రవీకరణకు లొంగనంత దట్టంగా ఉందని తీసుకుంటారు.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. జోన్ 3లో ఒక స్థలం. 5 మీటర్ల లోతున శుభ్రమైన ఇసుక, సవరించిన ఎన్ విలువ 10. నేల త్వరణం గురుత్వ త్వరణంలో 0.16 వంతు. నీటి మట్టానికి పైన మట్టి బరువు ఘనమీటరుకు 18 కిలోన్యూటన్లు, కింద 19. వేసవిలో బోరు వేశారు, నీళ్లు 4 మీటర్ల లోతున ఉన్నాయి. లెక్కకు 6.5 తీవ్రత గల భూకంపం తీసుకున్నారు. భద్రతా గుణకం సుమారు 1.45 వస్తుంది. యజమాని సంతోషంగా ఇంటికెళ్తాడు.

ఇప్పుడు ఇసుకను కదపకుండా నీటిని మాత్రం కదుపుదాం. వానాకాలం చివర నీళ్లు మీటరున్నర లోతుకు వచ్చాయి. గుణకం 1.03కు పడిపోతుంది. నీటిని 4 మీటర్ల దగ్గరే ఉంచి తీవ్రతను 7.5 చేస్తే 1.01. నీళ్లు మీటరున్నర, తీవ్రత 7.5 రెండూ కలిస్తే 0.72. స్థలం అదే, ఇసుక అదే, సుత్తి దెబ్బలూ అవే. నివేదిక మాత్రం 'భయం లేదు' నుంచి 'లొంగిపోతుంది' దాకా వెళ్లింది.

ఇందులో మోసం ఏమీ లేదు. ఏ తీవ్రత తీసుకోవాలన్నది ఆ ప్రాంతపు భూకంప చరిత్రను బట్టి ఇంజనీరు తీర్పు చెప్పాల్సిన విషయం. మన డెల్టాలకు 7.5 అవసరమా అంటే వాదించుకోవచ్చు. నీటి విషయంలో వాదన లేదు, ఏడాదిలో నీళ్లు ఎంత పైకి వస్తాయో ఆ మట్టమే లెక్కలో ఉండాలి. కాలువలకు నీళ్లు వదిలే నెలల్లో డెల్టా ఊళ్లలో బావులు ఎలా ఊరతాయో మీకు తెలుసు. కాబట్టి నివేదిక చేతికి రాగానే ఆఖరి పేజీలోని గుణకం వైపు పరుగెత్తకండి. ముందు పేజీల్లో నీటి మట్టం ఎంత, ఏ నెలలో కొలిచారు, ఏ తీవ్రత తీసుకున్నారు అన్న మూడు సంగతులు వెతకండి. అవి లేని గుణకం ఎంత పెద్దదైనా దాన్ని బట్టి నిర్ణయం తీసుకోకండి.

మీకు వినపడే నాలుగు మాటలు

అడగడం మొదలుపెట్టగానే కొన్ని మాటలు ఎదురవుతాయి. విసుక్కోకుండా, మర్యాద తప్పకుండా జవాబిచ్చేలా సిద్ధంగా ఉండండి.

"మన వైపు భూకంపాలెక్కడండీ?" 1967లో ఒంగోలులో 5.4, 1969లో భద్రాచలంలో 5.7, 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చాయి. నిజాయితీగా చెప్పుకోవాలంటే ఆ స్థాయి కుదుపులు పెద్ద ఎత్తున ద్రవీకరణ తెచ్చేవి కావు. సుమారు 5 తీవ్రత దాని కింది అంచు. అయితే ఇల్లు యాభై, అరవై ఏళ్లు నిలవాల్సినది. "భయంతో అడగట్లేదండీ. కోడ్ అడుగుతోంది కాబట్టి లెక్క వేసి చూపించమంటున్నాను" అనండి.

"పక్కన ఐదంతస్తులు కట్టారు, ఏమైంది?" ఏమీ కాలేదు, ఎందుకంటే ఇంకా ఊపు రాలేదు. నీగాటా అపార్ట్‌మెంట్లు కూడా 1964 జూన్ 15 సాయంత్రం వరకు నిటారుగానే ఉన్నాయి. పైగా పాత పాయ ఒక స్థలం కింద ఉండి పక్క స్థలం కింద లేకపోవచ్చు. పక్కవాళ్ల బోరు మీ బోరు కాదు.

"సాయిల్ టెస్టు అయింది, ఎస్‌బీసీ ఇచ్చారు కదా?" ఎస్‌బీసీ అంటే కదలకుండా ఉన్న నేల ఎంత బరువు మోస్తుందన్న అంకె. కుదిపినప్పుడు ఏమవుతుందో అది చెప్పదు. ఎస్‌బీసీ బాగున్న నివేదికలో ద్రవీకరణ లెక్క అసలు లేకపోవచ్చు. "సార్, ఇందులో లిక్విఫాక్షన్ చెక్ ఏ పేజీలో ఉందండీ?" అని అడగండి. లేకపోతే ఎందుకు అక్కర్లేదో ఒక వాక్యం రాసిమ్మనండి.

"పైల్స్ వేస్తున్నాం, ఇంకేం భయం?" కాండ్లా రేవులో 22 మీటర్ల ఎత్తున్న కార్యాలయ టవర్ పైల్స్ మీద నిలబడ్డదే. 2001లో అది ఒక పక్కకు ఒరిగింది. పైల్ ఉండటం ఒక్కటే సరిపోదు. దాని మొన లొంగిపోయే పొరను దాటి గట్టి పొరలోకి తగినంత దిగాలి. మధ్యలో ఇసుక పట్టు వదిలేసినప్పుడు పక్క నుంచి వచ్చే తోపును కూడా తట్టుకోవాలి. "పైల్ మొన ఏ పొరలో ఆగుతుంది, ఆ పొర ఎన్ విలువ ఎంత?" అని అడగండి.

చెడ్డ ఫలితం వస్తే

గుణకం 1 కంటే తక్కువ వచ్చిందని స్థలం అమ్ముకోనక్కర్లేదు. ముందు మరో మూడు సంగతులు తేల్చమనండి. లొంగే పొర ఎంత మందం? దాని మీద లొంగని పొర ఎంతుంది? దగ్గర్లో ఒడ్డు గానీ గట్టు గానీ ఉందా? లోతున అరమీటరు పలచని పొర, దాని మీద మందమైన బంకమట్టి ఉంటే చిన్న ఇంటికి నష్టం స్వల్పంగానే ఉండొచ్చు. నేల మట్టం నుంచే మొదలయ్యే అయిదారు మీటర్ల పొర, పక్కన కాలువ ఉంటే కథ వేరు.

పరిష్కారాలు పొరను బట్టి ఉంటాయి. పొర పైనే ఉండి పలచనిదైతే తవ్వి తీసి, పలచటి పొరలుగా తిరిగి పోసి రోలర్‌తో దట్టించవచ్చు. లోతుగా ఉంటే కంపించే పరికరాన్ని దింపి ఇసుకను అక్కడికక్కడే దట్టిస్తారు. సన్న మట్టి ఎక్కువగా ఉంటే కంకర స్తంభాలు వేస్తారు, అవి చుట్టూ నేలను బిగించడంతోపాటు నీళ్లు త్వరగా పోవడానికి దారీ ఇస్తాయి. బరువైన దిమ్మెను ఎత్తు నుంచి పదేపదే పడేసి దట్టించే పద్ధతి ఖాళీ ప్రదేశాల్లో బాగుంటుంది, పక్కన ఇళ్లుంటే కుదరదు. గట్టి పొర వరకు పైల్స్ వేయడం మరో మార్గం. చిన్న ఇంటికి విడివిడి ఫుటింగుల బదులు మొత్తం ఒకే దిమ్మెగా కదిలే రాఫ్టు వేస్తే నేల కుంగినా ఇల్లు ముక్కలు కాకుండా ఉంటుంది. ఏది చేసినా తర్వాత మళ్లీ బోరు వేసి ఎన్ విలువ పెరిగిందో లేదో చూడాలి. ఆ రెండో పరీక్ష ఖర్చు కూడా ఒప్పందంలోనే రాయించండి. డబ్బు తీసుకున్నాక "బాగా దట్టించామండీ" అన్న నోటి మాట ఎవరికీ పనికిరాదు.

ఈ నెలలో చేయాల్సినవి

1. స్థలం పూర్వ చరిత్ర ఒక పేజీలో రాయండి: పాయ, చెరువు, లంక, మెరక, పక్కన గట్టు.

2. మీ ఊరు ఏ భూకంప జోన్‌లో ఉందో స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రాయించుకోండి.

3. బోరు ఎన్ని మీటర్లు, ఎన్ని చోట్ల అన్నది పని మొదలయ్యే ముందే కాగితం మీద ఒప్పుకోండి. ఇసుక ఉన్న చోట 15 నుంచి 20 మీటర్లు అడగండి.

4. పరీక్ష రోజున బోరులో నీళ్లు, సుత్తి ఎత్తు, మూడు అంచెల లెక్క మీరే చూడండి. ఫీల్డ్ షీటును ఫోనులో ఫోటో తీసుకోండి.

5. ఆ వీధిలో వానాకాలంలో బావి నీళ్లు ఎంత పైకి వస్తాయో ఇద్దరు ముగ్గురిని అడిగి ఇంజనీరుకు చెప్పండి. లెక్కలో ఆ మట్టమే వాడమనండి.

6. నివేదికలో ప్రతి పొరకూ భద్రతా గుణకం, దానికి వాడిన నీటి మట్టం, తీవ్రత ఉండాలని అడగండి. వీలైతే రెండు తీవ్రతలకు లెక్క వేయించండి.

7. ఫ్లాట్ కొంటున్నట్టయితే బిల్డర్ దగ్గర సాయిల్ నివేదిక నకలు, పైల్ మొనల లోతు అడగండి. ఇవ్వనంటే ఆ సంగతి కూడా మీకు ఒక సమాచారమే.

ఈ ఏడింటికీ ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, అడగడానికి మొహమాటపడకపోతే చాలు. మంచి ఇంజనీరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, తన పని అర్థం చేసుకునే యజమాని దొరికాడని ఇంకో కుర్చీ లాగి కూర్చోబెడతాడు. నొచ్చుకునేవాడైతే ఆ సంగతి పునాది తవ్వకముందే తెలియడం మీకే మంచిది. జవాబులు నోటితో కాకుండా సంతకంతో కాగితం మీదకు వచ్చాక, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.